పరిత్యాగి పేరు

ఉప్పల్‌కు మెట్రో రైలు వచ్చిన కొన్నేళ్లకు, ఒక ఏప్రిల్ ఒకటో తేదీన, నాచారంలోని పిల్లుల షెల్టర్‌లో సూపర్‌వైజరుగా చేరాను. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఒక పశువైద్యుడి క్లినిక్‌లో కాంపౌండరుగా పనిచేశాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా మా దగ్గరి శాఖా గ్రంథాలయంలోనే. పశువైద్య పుస్తకాలను పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. అర్థం కాని పేజీని మూడుసార్లు చదివితే నాలుగోసారి అదే దారి ఇస్తుందని నాకు అక్కడే తెలిసింది. ఈ సంగతి చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు.

షెల్టర్ పారిశ్రామికవాడ వెనక ఒక పాత రేకుల షెడ్డులో ఉండేది. ఒకప్పుడు అక్కడ కారం మిల్లు నడిచిందట. ఎండ ముదిరితే గోడల్లోంచి ఇంకా ఘాటు వచ్చేది. నడిపేది ఒక చిన్న ట్రస్టు. దానికి ఒక కార్యదర్శి ఉండేవారు. మంగళ, శుక్రవారాల్లో డాక్టర్ వసుంధర గారు వచ్చేవారు. రోజువారీ పని నాది. గూళ్లు కడగడం, తిండి పెట్టడం యాదమ్మది. భువనగిరి వైపు నుంచి వచ్చిన మనిషి, నాకంటే నాలుగేళ్లు చిన్నది. పిల్లుల గురించి ఒక్క పుస్తకం కూడా చదవలేదు.

మాది చంపని షెల్టర్. చోటు లేదనో, ఎవరూ తీసుకోలేదనో ఏ పిల్లినీ సూదిమందుతో చంపకూడదన్నది మొదటి నియమం. వినడానికి ఇది దయగా అనిపిస్తుంది కానీ పనిచేసేవాళ్లకు ఇది లెక్కగా కనిపిస్తుంది. ఒక పిల్లి ఇంటికి వెళ్తేనే ఒక గూడు ఖాళీ అవుతుంది. గూడు ఖాళీ అయితేనే ఇంకో పిల్లిని తీసుకోగలం. కిక్కిరిసి పెడితే రోగం పాకి అన్నిటినీ తీసుకుపోతుంది. అందుకే వచ్చిన ప్రతి పిల్లికీ మొదటి రోజే ఒక కార్డు రాసి, రెండు వరుసల్లో ఏదో ఒకదాంట్లో పెట్టాలి. ఇంట్లో పెరిగినదైతే దత్తత వరుస: పద్నాలుగు రోజులు విడిగా ఉంచడం, టీకాలు, ఆ తర్వాత ఇల్లు వెతకడం. వీధిదైతే విడుదల వరుస: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఆపరేషన్ అయిందని దూరం నుంచే తెలిసేలా ఎడమ చెవి కొస కత్తిరింపు, నాలుగు రోజుల విశ్రాంతి, పట్టుకున్న చోటే వదలడం. ఏ వరుసన్నది కార్డు నిర్ణయిస్తుంది. కార్డు రాసేది సూపర్‌వైజరు.

నేను చేరేనాటికి ఆ కార్డు ఇంగ్లీషులో ఉండేది. పిల్లుల్ని తెచ్చే వాచ్‌మన్‌లకూ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ అది అర్థమయ్యేది కాదు. తెలుగులో రాస్తానని కార్యదర్శిని అడిగి, పది రోజులు కూర్చుని నేనే తయారుచేశాను. మంచి మాటలు ఏరుకున్నాను. జంతువు వివరణ, ప్రాప్తి స్థలం, పరిత్యాగి పేరు, పరిత్యాగ కారణం. కార్యదర్శి మెచ్చుకుని ఒక కట్ట అచ్చు వేయించారు. యాదమ్మకు చదివి వినిపించాను. ఆమె చీపురు పక్కన పెట్టి విన్నది.

"పరిత్యాగి అంటే ఎవరక్కా?"

విడిచిపెట్టినవాళ్లని చెప్పాను.

"పిల్లిని రోడ్డు మీద ఇడిసిపెట్టినోన్ని త్యాగి అంటవేంది? ఇగ వానికి దండ గూడ వేస్తవా?"

నవ్వి ఊరుకున్నాను. ఆమెకు మాట తెలియలేదనుకున్నాను. ఆ తర్వాత రెండు నెలల్లో ఆ గడి ఒక్క కార్డులోనూ నిండలేదు. పిల్లిని తెచ్చినవాళ్లు దాన్ని చదివి, పెన్ను తిరిగి నా చేతికిచ్చి, 'మాది కాదు, దొరికింది' అనేవారు. జనం అబద్ధాలాడతారని అనుకున్నానే తప్ప కాగితాన్ని అనుమానించలేదు.

ఇళ్లు మారేవాళ్ల వల్ల మా పని పంచాంగాన్ని బట్టి నడిచేది. ఆషాఢంలో ఎవరూ కొత్త ఇంట్లో పాలు పొంగించరు. అందుకని జ్యేష్ఠం చివరి పది రోజుల్లో ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా ప్రతి వీధిలో సామాను టెంపోలు కనిపిస్తాయి. మంచాలు, బీరువాలు, తులసి కుండీ, అన్నీ ఎక్కుతాయి. పిల్లి ఎక్కదు. పిల్లి ఇంటిదే గానీ మనిషిది కాదని చాలామంది నమ్మకం. కొత్త ఇంటికి పాత చీపురునూ పిల్లినీ తీసుకెళ్లకూడదనే పెద్దవాళ్లూ ఉంటారు. ఆ పది రోజులూ మా గూళ్లు నిండిపోయేవి.

అలాంటి ఒక ఆదివారం ఉదయం ఉప్పల్‌లోని ఒక సంస్థ పాత క్వార్టర్స్ నుంచి వాచ్‌మన్ మల్లేశ్ ఫోను చేశాడు.

"అమ్మా, ఐదో నంబర్ల అటక మీద పిల్లి ఉన్నది. అందరు ఖాళీ జేస్తున్నరు. ఎల్లుండి కూలగొట్టే మిషను వస్తది. జర తొందరగ రాన్రి."

యాదమ్మా నేనూ బోను తీసుకుని ఆటోలో వెళ్లాం. మా బోనులో లోపలి పలక మీద పిల్లి అడుగు పెట్టగానే వెనక తలుపు పడుతుంది. ఎరగా ఉడికించిన చేప పెడతాం. ఐదో నంబరు ముందు టెంపోలో ఆఖరి సామాను ఎక్కుతోంది. ఆ ఇంటావిడ శేషుకుమారి గారు, నలభై దాటినావిడ, చేతిలో దేవుడి పటాల సంచితో నిలబడి ఉన్నారు. భర్త ఆ సంస్థలో టెక్నీషియన్. గోదావరి వైపు కుటుంబం.

పిల్లి మీదేనా అని అడిగి, పద్ధతి ప్రకారం కార్డూ పెన్నూ ఇచ్చాను. ఆవిడ మొత్తం చదివారు. ఒకచోట చూపు ఆగింది.

"మాది కాదండీ," అన్నారు. "వీధిదే. అప్పుడప్పుడూ వస్తూ ఉండేది."

కార్డు తిరిగి ఇచ్చేశారు. టెంపో ఎక్కేముందు ఒకసారి వంటింటి వైపు చూశారు. వంటింటి గడప పక్కన ఒక స్టీలు మూత బోర్లా పడి ఉంది, అంచుకు ఎండిన మెతుకులు అంటుకుని. మర్చిపోయిన సామాననుకుని దాన్ని కిటికీలో పెట్టాను.

బోను మూడు గంటలు తెరిచి ఉంచాం. పిల్లి అటక మీంచి దిగి వచ్చింది, చేపను వాసన చూసింది, పంజాతో నేలను రెండుసార్లు గీకి వెళ్లిపోయింది. బోనుల సంగతి తెలిసిన ముదురు వీధి పిల్లి అని నేను తేల్చాను. చివరికి దళసరి చేతి తొడుగులు వేసుకుని, మూలకు తోలి, దుప్పటి కప్పి పట్టుకున్నాం. లేత గోధుమ రంగు ఆడపిల్లి. గుండ్రటి ముఖం. దుప్పటిలో ఒక్కసారి కూడా అరవలేదు.

షెల్టర్‌లో కార్డు రాశాను. స్వభావానికి మా దగ్గర నాలుగు శ్రేణులుండేవి. చెవులు వెనక్కి, వీపు గోడకు, చెయ్యి చాపితే బుస, పిలుపుకు స్పందన లేదు. నాలుగో శ్రేణి, అంటే మనుషులతో ఇమడనిది. వీధి పిల్లి, విడుదల వరుస. పట్టుకున్న చోటు కూలిపోతుంది కాబట్టి తిరిగి అక్కడ వదలడానికి లేదు. అలాంటివాటిని ఎలుకల బెడద ఉన్న గోదాములకు ఇచ్చేవాళ్లం. మల్లాపూర్ దారిలోని ఒక ధాన్యం గోదాము మేనేజరుతో మాట్లాడి, శనివారానికి ఒప్పించాను. మధ్యాహ్నానికి పనంతా పూర్తయింది. ఆ రోజు నా పనితీరు మీద నాకు సంతృప్తి కలిగింది.

పిల్లి ఆ రోజు ఏమీ తినలేదు. సోమవారమూ తినలేదు. కొత్త చోట మొదటి రోజుల్లో ఇది మామూలే. పైగా ఆపరేషన్‌కు ముందు ఎలాగూ కడుపు ఖాళీగా ఉంచాలి కాబట్టి ఆ 'తినలేదు' అన్న మాటను నేను పట్టించుకోలేదు. యాదమ్మ మాత్రం గిన్నె తీసేటప్పుడు ఒక మాటంది.

"చేపను జూసి మొకం తిప్పుకునే వీధి పిల్లిని నేనైతే సూడలే. అయ్యగారి పిల్లి లెక్కనే ఉన్నది."

మంగళవారం డాక్టరు గారు మత్తు ఇచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. నా పని పొట్ట మీద వెంట్రుకలు తీసి మందు రాయడం. చెవి కత్తిరించే కత్తెరను వేడినీళ్లలోంచి తీసి పళ్లెంలో పెట్టాను. డాక్టరు గారు కత్తి పట్టుకుని ఆగిపోయారు.

"ప్రమీల గారూ, ఇటు రండి. వేలితో తడమండి."

పొట్ట మధ్యన, వెంట్రుకలు తీసినచోట, వడ్లగింజంత సన్నని తెల్లటి గీత ఉంది. ఈ పిల్లికి ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. చెవి మాత్రం నిండుగా ఉంది. ఎవరైనా పట్టి, ఆపరేషన్ చేయించి వదిలే వీధి పిల్లికి చెవి తప్పకుండా కోస్తారు. కోత ఉండి చెవి నిండుగా ఉందంటే, ఒక మనిషి దీన్ని బుట్టలో పెట్టుకుని క్లినిక్‌కు తీసుకెళ్లి, చేయించి, ఇంటికి తెచ్చుకున్నారని అర్థం. ఈ సంగతి నేను చదివాను. క్లినిక్‌లో వందసార్లు చూశాను కూడా. అయినా పొట్ట తడమలేదు. కార్డులో 'వీధి పిల్లి' అని నేనే రాసి, ఆ రాతనే నమ్మాను.

చెవి కోయలేదు. మత్తు దిగేదాకా ఆ పిల్లి పక్కనే కూర్చున్నాను. డాక్టరు గారు వెళ్లేముందు చెప్పిన విషయం మాత్రం ఆ కోత సంగతి కంటే తీవ్రమైనది. పిల్లి వరసగా మూడు నాలుగు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి, దాన్ని పాడుచేస్తుంది. ఆ తర్వాత తిండి పెట్టినా నిలవదు. శుక్రవారం ఆవిడ వచ్చేలోగా తినకపోతే మెడలోంచి గొట్టం వేయాలి. దానికి మళ్లీ మత్తు ఇవ్వాలి. ఈ నీరసంలో రెండో మత్తు తట్టుకుంటుందని చెప్పలేనన్నారు. మనం చంపం సరే, ఆకలితో పోతే ఏ గడిలో రాస్తారని అడిగారు. కోపంతో కాదు, నిజంగానే అడిగారు.

ఆ సాయంత్రమూ బుధవారం ఉదయమూ ఉన్నవన్నీ పెట్టి చూశాం. చేప, ఉడికించిన కోడి, కాలేయం, పొడి తిండి. సిరంజితో నోట్లో పోస్తే కక్కింది. నాలుగో రోజు నడుస్తోంది. అది ఏం తిని పెరిగిందో తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ కాదన్నారు.

మల్లేశ్‌కు ఫోను చేస్తే, వాళ్లు మేడిపల్లిలో వరంగల్ రోడ్డు పక్కన కొత్త అపార్టుమెంటులో దిగారన్నాడు. టెంపో డ్రైవరును అడిగి బ్లాకు పేరు కూడా చెప్పాడు. యాదమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కాను. కార్డు సంచిలోనే ఉంది. దారిలో ఆవిడను ఎలా నిలదీయాలో మనసులో కూర్చుకున్నాను. జంతువును వదిలేయడం చట్టప్రకారం నేరమన్న సంగతి కూడా చెప్పాలనుకున్నాను. యాదమ్మ కిటికీ దగ్గర కూర్చుని అడిగింది.

"అక్కా, మనం పోయేది లొల్లి వెట్టుకోనీకా, పిల్లికి తిండి అడగనీకా?"

రెండూ అన్నాను.

"రెండు గావు. ఒకటే జెప్పు."

శేషుకుమారి గారు తలుపు తీసి, మమ్మల్ని గుర్తుపట్టి, మళ్లీ అదే మాటన్నారు. మాది కాదండీ. నా చెయ్యి సంచిలోకి వెళ్లింది. యాదమ్మ నా మోచెయ్యి పట్టుకుని ముందుకు జరిగి, గడప ఇవతలే నిలబడి అడిగింది.

"అమ్మా, గది ఏం దింటది? నాలుగు దినాల సంది ముట్టలే. గంతే, గది జెప్పున్రి, పోతం."

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పెరుగన్నం. మెత్తగా పిసకాలి. ఉప్పు వేయకూడదు. గిన్నెలో పెడితే తినదు, మూతలో పెట్టాలి." తర్వాత తలుపుకు ఆనుకున్నారు. "నాలుగు రోజులా?"

మమ్మల్ని లోపలికి పిలిచి మంచినీళ్లు ఇచ్చారు. వాళ్లింట్లోకి గుడ్డు కూడా రాదు. ఐదేళ్ల కిందట వానలో వచ్చిన కూన పెరుగన్నంతోనే పెరిగింది. చేప అన్నది తిండి అని దానికి తెలియదు. బియ్యం పురుగులు కూడా దాన్ని చూసి భయపడవని ఆవిడ భర్త వేళాకోళం చేసేవారట. పేరు సున్నుండ. కొత్త ఇంటి యజమాని జంతువులు వద్దని ఒప్పందంలోనే రాయించుకున్నాడు. పక్క క్వార్టరు వాళ్లు చూసుకుంటామన్నారు. తీరా వాళ్లూ ఖాళీ చేశారు. ఆదివారం మేము వెళ్లకముందు ఆవిడ ఎవరికి అప్పగించాలో తెలియక అటక కింద గంటసేపు నిలబడ్డారట.

మరి మాతో చెప్పవచ్చు కదా అన్నాను. ఆవిడ నా సంచి వైపు చూశారు.

"మీ కాగితంలో పరిత్యాగి పేరు అని ఉందండీ. హరికథల్లో కట్టుకున్నదాన్ని అడవిలో వదిలేసే చోట విన్న మాట అది. దాని కింద నా పేరు ఎలా రాయమంటారు?"

ఆ మాటకు నాకంటే ఆవిడకే బాగా అర్థం తెలుసు. నేను నిఘంటువులో చూసి ఏరుకున్నాను. ఆవిడ చెవిన పడి నాటుకుంది. కార్డును సంచి అడుక్కి తోశాను.

రేపు ఉదయం మీరే వచ్చి పెట్టాలని అడిగాను. వంట పని, సర్దుడు, పాలు పొంగించి ఇంకా నాలుగు రోజులే అయింది, అత్తగారు ఏమంటారో అన్నారు. నేను కదల్లేదు. మీరు చేసిన పెరుగన్నం మేము తీసుకెళ్లి పెట్టవచ్చు గానీ, అది మా చేతులను చూసి గోడకు అంటుకుంటుంది, గురువారం దాటితే గొట్టమే దిక్కు అని ఉన్నదున్నట్టు చెప్పాను. లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"వెళ్లవే. తిండి దగ్గర మడేమిటి? వచ్చాక స్నానం చేద్దువుగాని."

గురువారం తొమ్మిదింటికి ఆవిడ టిఫిను డబ్బాతో దిగారు. గూళ్ల గదిలోకి మేము వెళ్లలేదు. తలుపు సందులోంచి చూశాం. ఆవిడ నేల మీద కూర్చుని, డబ్బా మూత తిప్పి పెట్టి, అందులో అన్నం వేసి, అంచు మీద వేలితో రెండుసార్లు తట్టారు.

"ఏవమ్మా సున్నుండా. అలిగావా? అలుగు. తిని అలుగు."

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పిల్లి గూట్లోంచి దిగి, ఆవిడ వైపు చూడకుండా, మూత దగ్గరకు వెళ్లి తినసాగింది. యాదమ్మ నా చెవిలో అంది.

"చూసినవా, నీ నాలుగో శ్రేణి."

శుక్రవారం గొట్టం అవసరం రాలేదు. పిల్లి మాంసం తినే జంతువు. పెరుగన్నం మీదే ఉంచితే కళ్లూ గుండే దెబ్బతింటాయి. అందుకని డాక్టరు గారు ఒక క్రమం రాసిచ్చారు: మొదట పెరుగన్నంలో చెంచా గుడ్డు సొన, వారం తర్వాత కోడి ఉడికించిన నీళ్లు, ఆ తర్వాత పిసికిన కోడిముక్క. శేషుకుమారి గారు రోజు విడిచి రోజు వచ్చి, గుడ్డు కలిపేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుని, తమ చేత్తోనే కలిపారు. గోదాము మేనేజరుకు ఫోను చేసి మన్నించమని అడిగి, వేరే పిల్లిని ఇచ్చాను. సున్నుండ కార్డు చించి కొత్తది రాశాను. దత్తత వరుస.

వెంటనే కార్యదర్శిని కలిసి 'పరిత్యాగి' గడి తీసేయాలని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. వదిలేసినవాళ్ల వివరం లేకపోతే వదిలేయడం తప్పని ఎవరికి తెలుస్తుందని ఆయన వాదన. అది కొట్టిపారేసే వాదన కాదు. నేను అప్పటివరకు రాసిన కార్డులన్నీ ఆయన బల్ల మీద పెట్టాను. ఆ గడి నిండిన కార్డు ఒక్కటీ లేదు. పక్కనే మేము ఇల్లు వెతకలేక నెలల తరబడి ఉంచుకున్న పిల్లుల కార్డులు పెట్టాను. ఏం తింటుందో, దేనికి భయపడుతుందో, ఏ ఒక్కదాని కార్డులోనూ లేదు. చివరికి ఇలా తేల్చుకున్నాం: గాయపరిచినవీ, సంచిలో కట్టి పారేసినవీ వస్తే వాటికి వేరే ఫిర్యాదు పుస్తకం. కార్డులో మాత్రం మూడే ప్రశ్నలు. ఎవరింట్లో పెరిగింది. ఏం తింటుంది. ఏమని పిలిస్తే వస్తుంది. ఈసారి మాటలు యాదమ్మను అడిగి పెట్టాను.

సైనిక్‌పురిలో ఉండే ఒక విశ్రాంత నర్సు ఆగస్టులో సున్నుండను తీసుకున్నారు. ఇవ్వడానికి ముందు మా నియమం ప్రకారం ఇల్లు చూశాను. బాల్కనీకి వల, కిటికీలకు జాలీ, ఇల్లు సొంతం. కార్డు నకలు ఇస్తే ఆవిడ రెండుసార్లు చదువుకుని, స్టీలు మూత ఏ సైజుదని అడిగారు.

ఆ షెల్టర్‌లో ఇంకా నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ ఒక్క ఉదంతం నాకు రెండు పనులు నేర్పింది. కార్డు రాయకముందు పిల్లి పొట్ట తడమాలి. పిల్లిని తెచ్చిన మనిషి దగ్గర తప్పు ఒప్పించుకోవడం, సమాచారం తీసుకోవడం ఒకే ప్రశ్నతో జరగవు. రెండింటిలో ఒకటే దొరికేటప్పుడు సమాచారమే తీసుకోవాలి, ఎందుకంటే పిల్లి బతికేది దానితోనే.